తవుడుకి కొన్న ముత్తాత

మదుం మాన్యం రెండెకరాల పదిహేను సెంట్లు. చెరువు మదుం, అంటే పొలాలకి నీళ్ళొదిలే తూము, కాపలా కాసినందుకు ఏనాడో ఇచ్చిన భూమి. నూరేళ్ళకు పైగా దాన్ని దున్నింది మా ఇంటి ఎద్దులే. అది మాది కాదంటూ 1968 మార్చిలో కాగితం వచ్చింది.

తలారి తెచ్చి ఇచ్చాడు. చదివింది నేను. మాన్యాలు రద్దయ్యాయి కాబట్టి పట్టా తనకివ్వమని మా ఊరి బుగత, పెద్ద భూస్వామి గణపతిరావు అర్జీ పెట్టుకున్నాడట. భూమి ఇచ్చింది తన పూర్వులేననీ, మా నాన్న లెంక సోములు వట్టి కౌలుదారనీ రాశాడు. కాదంటే మే ఇరవయ్యో తేదీన చీపురుపల్లిలో హాజరై, మాన్యం మొదట పొందినవాడి వంశం మాదేనని రుజువు చేసుకోవాలి.

"రుజువంటే ఏట్రా?" అన్నాడు నాన్న.

"మనం ఎవులికి పుట్టేమో సెప్పాల."

"నాను మా అయ్యకి పుట్టేను."

"అది సాలదు. మాన్యం తీసుకున్నోడి దాకా సెప్పాల."

నాన్న అరచేతులు తిప్పి చూసుకున్నాడు. వాటిలో ఏ తాత పేరూ రాసి లేదు. కాయలున్నాయి. ఈ దేశంలో చెమట చూపిస్తే చాలదు, నెత్తురు చూపించమంటారు. ఆ మాట నాకు ఒళ్ళు మండించింది. ఐదో తరగతితో నా చదువు ఆగింది. తర్వాత చదివినవి కరపత్రాలూ చట్టాల పుస్తకాలూ. చుట్టుపక్కల నలభై ఇళ్ళ కూలివాళ్ళను కూడగట్టి సంఘం పెట్టాను. కూలి అడిగినందుకు నాలుగు రోజులు లాకప్‌లో ఉన్నాను. పక్కన ఉన్నవాడు మా బావ రౌతు గంగరాజు. రెండేళ్ళ కిందట మా చెల్లెలు దానమ్మను చేసుకున్నాడు. మధ్యలో వాగు, ఆ గెడ్డ దాటితే వాళ్ళ ఊరు. కాగితం వచ్చేనాటికి దానమ్మకి మూడో నెల.

భూమి పోతే ఏమవుతుందో లెక్క కట్టక్కర్లేదు. మాకున్నది అదొక్కటే. మిగతాది గరువు, చోళ్ళు కూడా సరిగా పండని రాతి నేల.

* * *

మా ఇంట్లో పాత సంగతులు తెలిసినది నాయనమ్మ నారాయణమ్మ ఒక్కతే. ఎనభై దాటాయి. కళ్ళు మసక, చెవులు బాగా పనిచేస్తాయి. చూరు కింద కూర్చుని చింతపిక్కలు తీస్తోంది.

"మదుం మాన్యం మొదట ఎవులిదే?"

"సింహాచలానిది. రౌతోల సింహాచలం."

"రౌతోలదా? మరి మన లెంకోలకి ఎలగొచ్చింది?"

"మా మావ తవిటయ్య వల్ల వొచ్చింది."

తవిటయ్య మా నాన్నకి తాత. నాకు ముత్తాత. నాయనమ్మ పదేళ్ళ వయసులో ఈ ఇంటికి కోడలై వచ్చింది. ఆయన్ని ఇరవై ఏళ్ళ పైన చూసింది.

"మా మావకి ముందు నలుగురు పుట్టి పోయినారు. ఐదోవోడు మావ. పుట్టినరోజే సేటలో ఎట్టి రౌతోల గుమ్మం ముందర దించేసినారు. సింహాచలం పెళ్ళాం ఎత్తుకుని లోనికి తీసికెల్లి, మల్ల మూడు దోసిళ్ళ తవుడుకి మనకే అమ్మీసినాది. తవుడుకి కొన్నోడని తవిటయ్యన్నారు. ఎవులింటి బిడ్డో తెలీక సావు గుమ్మం కాడినుంచే తిరిగెల్లిపోతాదని."

ఆ తంతు మా పక్క అందరికీ తెలిసిందే. ఊరికి పదిమంది తవిటయ్యలూ తవిటమ్మలూ ఉంటారు.

"అది ఆట కదే. మాన్యం ఎలగొచ్చింది?"

"సింహాచలానికి పిల్లల్నేరు. ముసిలోడయ్యేక మదుం తియ్యడానికీ ముయ్యడానికీ మా మావే ఎల్లేవోడు. దొరల గుమస్తా వొచ్చి నీ ఎనక ఎవులున్నారని అడిగితే, ఇదిగో నా గుంటడని ఈణ్ణి సూపించేసినాడంట. నేకపోతే బూమి లాగేసుకుందురు. మా మావే సెప్పి నవ్వేవోడు."

"అయితే ఆయన సింహాచలం కొడుకే అయ్యుంటాడేమో. పిల్లల్నేరని ఎవులికి తెలుసు?"

నాయనమ్మ చింతపిక్క పక్కన పెట్టింది. "ఒరే, నానీ ఇంటికొచ్చి డెబ్బై ఏళ్ళు. రౌతోలింట ఎంతమంది పోయినారో. ఒక్కపాలైనా మనకి మైల వొచ్చినాదా? పదిరోజులు పొయ్యి ఆపేమా? మా మావ తల గొరిగించుకున్నాడా? దాయాదులైతే ఊరుకుందురేటి? ఊరుకోరు. పైగా మన గుంట దానమ్మని ఆళ్ళింటికే ఇచ్చుకున్నాం."

ఆమె చెప్పింది నిజం. నాకు అప్పుడే తెలుసు.

* * *

విశాఖపట్నంలో పాత రికార్డు నకలు కోసం మూడుసార్లు తిరిగాను. గుమస్తాల చేతులు తడిపాను, ఒకడితో దెబ్బలాడాను. చివరికి దొరికింది. 1862 నాటి ఇనాం రిజిస్టరులో ఒక్క వరస. గొలుసుకట్టు రాత, నాకు ఒక్క ముక్కా అంతు పట్టలేదు. చదివి పెట్టమని బొబ్బిలి వెళ్ళాను.

చంద్రశేఖరం మాస్టారు రిటైరైన పంతులు. తాతముత్తాతల పేర్లు కావాలంటే అటుపక్క అన్ని కులాలవాళ్ళూ ఆయన దగ్గరికే పోతారు. రాగి రేకులు, తాటాకులు, శాసనాలు, ఏదిచ్చినా చదువుతాడు. నకలు కళ్ళద్దాలకి దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"'మదుం కాపలా మాన్యం. అనుభవదారు రౌతు సింహాచలం, యేండ్లు యాభై. కొడుకు తవిటయ్య, యేండ్లు ఆరు.' ఇంతే ఉంది."

నేను లేచి నిలబడ్డాను. "సాలు మాస్టారూ. గెలిచేసినట్టే."

"కూర్చో. ఆ తవిటయ్యే మీ తవిటయ్యని ఏమిటి రుజువు?"

నాయనమ్మ చెప్పినదంతా చెప్పాను. తవుడు సంగతి, మైల సంగతి కూడా. దాచాలని అప్పటికి తోచలేదు. ఆయన పెద్ద ఠావు కాగితం తీసి మా వంశం గీశాడు. నా నుంచి నాన్నకి, నాన్న నుంచి తాతకి, తాత నుంచి తవిటయ్యకి నిండు గీతలు. తవిటయ్య నుంచి సింహాచలానికి మాత్రం వరసగా చుక్కలు పెట్టాడు.

"ఇదేటి మాస్టారూ, గీత తెగిపోయింది?"

"తెగలేదు. అంటలేదు. నాకు తెలిసింది గీతతో వేస్తాను. విన్నది చుక్కలతో వేస్తాను. మా నాన్నగారూ అంతే చేసేవారు. గుమస్తా రాసుకున్నది సింహాచలం చెప్పిన మాట. పిల్లాడు ఎవరికి పుట్టాడో గుమస్తా చూడలేదు. నీ నాయనమ్మ చెప్పేది వాళ్ళు డెబ్బై ఏళ్ళు బతికిన తీరు. నన్నడిగితే ఆవిడ మాటే బరువు."

"ఆఫీసులో కాయితానికే బరువు."

"అది ఆఫీసు సంగతి." కాగితం మడవకుండా నా వైపు చూశాడు. "మీ చెల్లెల్ని రౌతువారికిచ్చామన్నావు కదూ? ఈ చుక్కలు గీతైతే ఏమవుతుందో ఆలోచించావా?"

"నూటపదేళ్ళ కిందటి నెత్తురుకి నాను బయపడను మాస్టారూ. ఈ వరసలూ వావులూ అన్నీ పేదోణ్ణి ఇంకా తొక్కడానికి ఎట్టినవి."

"నువ్వు భయపడవు, సరే," అన్నాడాయన. ఆ మాట పూర్తి చెయ్యలేదు. డబ్బివ్వబోతే తీసుకోలేదు.

విజయనగరంలో రైలు మారాలి. మిట్టమధ్యాహ్నం, ప్లాట్‌ఫారం పెనంలా కాలుతోంది. మూడు గంటలు బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఒకావిడ తాటిముంజలు అమ్ముకుంటోంది. కాగితం మోకాలి మీద పరిచాను. ఏడు చుక్కలున్నాయి. జేబులో పెన్ను తీసి ఒకదాన్నొకటి కలిపేశాను. అర నిమిషం కూడా పట్టలేదు.

* * *

విచారణ అధికారిది గుంటూరు పక్క. మర్యాదస్తుడే. ఎండకి ఉడికిపోతూ, మాట త్వరగా తేలిపోతే బాగుండునన్నట్టున్నాడు. నకలు చూశాడు, వంశవృక్షం చూశాడు.

"ఇంటిపేరు మారిందేం? సింహాచలం రౌతు, మీరు లెంక?"

"తవిటయ్య మేనమావగారింట పెరిగినాడండి. లెంకోలు పెంచుకున్నారు. ఆ పేరే నిలబడిపోయింది."

దారిలో అల్లుకున్న అబద్ధం అది. నాన్న నా పక్కనే ఉన్నాడు. తువ్వాలు భుజం మీంచి తీసి మళ్ళీ వేసుకున్నాడు.

నాయనమ్మను నేను తీసుకురాలేదు. వద్దన్నాను కూడా. నాలుగు మైళ్ళు ఎవరి బండిలోనో ఎక్కి తనే వచ్చింది. భూమి మాట కదా, తెలిసినది తానే కదా, అడుగుతారని వచ్చింది. ఆమెని చూసి అధికారి ముచ్చటపడ్డాడు.

"తవిటయ్యగారు మీకు స్వయంగా తెలుసా అమ్మా? ఆయన సింహాచలం కొడుకేనా?"

"మా మావండి. నాను సెప్తాను బాబూ. రౌతోలింట మైల వొస్తే మాకెప్పుడూ..."

"ముసిలిది సార్," అన్నాను నేను. "మతి నేదు. ఏదేదో మాట్లాడతాది."

గుమస్తా మా తాలూకావాడే, నాయనమ్మ ఎందుకు వచ్చిందో ఏం చెప్పబోయిందో వాడికి అర్థమైంది. తల వంచుకుని రాసుకున్నాడు. 'సాక్షి వృద్ధురాలు, జ్ఞాపకశక్తి లేదు.'

నాయనమ్మ నావైపు తిరిగింది. మసక కళ్ళతో నా మొహం ఎక్కడుందో వెతికింది. దొరికాక గోడకి చెయ్యి ఆనించుకుంటూ బయటికి నడిచింది.

గణపతిరావు గుమ్మం దగ్గర గొడుగు కర్ర మీద చేతులానించి నిలబడి ఉన్నాడు. అతని వకీలు లేవబోతే వారించాడు.

"నాకు అభ్యంతరం లేదండి. రౌతువారి రక్తమని వాళ్ళే రాసిచ్చేక నేనెవర్ని కాదనడానికి? ఆ రాసిచ్చినదాని నకలొకటి నాకిప్పించండి, చాలు."

గెలిచాననుకున్నాను. బయటికొచ్చి నాన్నకి చెరుకురసం ఇప్పించాను. ఉత్తర్వులు నెల్లాళ్ళలో వస్తాయన్నారు.

* * *

వారం తిరక్కుండా రౌతోల ఊరినుంచి పిలుపొచ్చింది. కులపెద్దలు తగువు, అంటే పంచాయితీ, పెట్టారు.

కల్లంలో కూర్చున్నారు. పాతికమంది మగవాళ్ళు, వెనక ఆడవాళ్ళు. బుగత తీసుకున్న నకలు కులపెద్ద చేతిలో ఉంది. అతనికి చదువు రాదు, అయినా తలకిందులు కాకుండా పట్టుకున్నాడు.

"జగన్నాధం, దీని మీద ఏలిముద్ర ఎవులిది?"

"మా నాన్నది. రాసింది నాను."

"మీరు రౌతోలని రాసేవు. సింహాచలం, గంగరాజు ముత్తాతని కన్నోడు, ఒకమ్మ కడుపున పుట్టినోలు. అంటే నువ్వూ గంగరాజూ అన్నదమ్ములు. మీ గుంట ఆడికి సెల్లి."

గడ్డివాము పక్కనుంచి ఎవడో కూశాడు. "ఓరి గంగరాజూ! సెల్లి సేతి కూడు రెండేళ్ళు తిన్నావు, ఎలగున్నాదిరా?"

నలుగురు నవ్వారు. గంగరాజు నవ్వలేదు, తలెత్తలేదు. దానమ్మ వాము నీడలో నిలబడి ఉంది. ఐదో నెల. చీర చెంగు కడుపు మీదికి లాక్కుని పట్టుకుంది.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. అలవాటైన పని. నూటపదేళ్ళ కిందటి మాట పట్టుకుని కాపరం కూలుస్తారా అన్నాను. ఈ నకలు మీ చేతికిచ్చింది బుగత, మీరు అతని చేతిలో కీలుబొమ్మలన్నాను. సంఘంలో ఈ మాటలకి చప్పట్లు పడేవి. పెద్ద చివరిదాకా విన్నాడు.

"బుగతే ఇచ్చినాడు. కాదని నానన్నానా? కానీ రాసింది బుగత కాదు కదా. నూటపదేళ్ళ కిందటి నెత్తురు నీకు బూమికి పనికొచ్చినాది. పెళ్ళి కాడికొచ్చేసరికి పనికిరాదేటి?"

జీవితంలో అంత సూటిగా నన్నెవరూ కొట్టలేదు.

"తగువు పెంచడం మాకూ ఇష్టం నేదు," అన్నాడతను, గొంతు తగ్గించి. "గుంట మంచిది. కడుపుతో ఉన్నాది. ఒక్క మాట సెప్పు. కాయితం అబద్దం, మేం లెంకోలమే అని ఈ పదిమందిలో సెప్పు. ఆపీసుకి అలగే రాసిచ్చీ. దాన్ని ఇప్పుడే లోనికి తీసుకెల్తారు."

చెబితే భూమి గణపతిరావుది. అందరూ నన్నే చూస్తున్నారు. గెడ్డ ఇవతలనుంచి మా సంఘం వాళ్ళు కూడా వచ్చారు. బుగతని ఆఫీసులో ఓడించినవాణ్ణని వారం రోజులుగా వాళ్ళు నా పేరు చెప్పుకుంటున్నారు. నాన్న నేలకేసి చూస్తున్నాడు. ఏం చెప్పమంటావని అతన్ని అడగలేదు. దానమ్మనీ అడగలేదు. ఆమె మొగుడివైపు చూడటం లేదు. నావైపే చూస్తోంది.

"కాయితం నిజమే," అన్నాను.

నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. తగువు అయిపోయింది.

గంగరాజు ఆమె ట్రంకుపెట్టె మోసుకుని గెడ్డదాకా వచ్చాడు. ఎండకి గెడ్డలో నీళ్ళు లేవు, ఇసకే.

"నువ్వు మగోడివేనా?" అన్నాను. "సంగంలో ఏటి సెప్పేవు? కులం మీద ఉమ్మేసేవు కదూ?"

"సంగంలో నానున్నాను. మా యమ్మ నేదు. కూడు ముట్టి మూడ్రోజులయింది ఆవిడ." పెట్టె ఇసకలో దించాడు. "నీతో కలిసి లాకప్పులో దెబ్బలు తిన్నాను. ఇంకోపాలి తినమన్నా తింటాను. ఇది నావల్ల కాదు. అన్నా అనాలో, బావా అనాలో కూడా తెలీకుండా సేసేవు నన్ను. ఒక్క మాట. ఆ ఒక్క మాట సెప్పలేకపోయేవు."

దానమ్మ వంగి పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకుంది. నేనందుకోబోతే చెయ్యి తీసేసింది.

* * *

ఇంట్లో ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నాయనమ్మ మాత్రం ఏమడిగినా ఒకటే జవాబు.

"అంబలి తాగుతావేటే?"

"మతి నేనిదాన్ని. నాకేటి తెలస్తాది?"

"ఎండలో కూకున్నావు, నీడకి రా."

"మతి నేనిదానికి ఎండేటి, నీడేటి?"

దానమ్మ ఆమె పక్కన పడుకునేది. ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళు. నేను లోపలికొస్తే ఆపేసేవాళ్ళు.

ఆషాఢంలో పట్టా వచ్చింది. నాన్న పేరున, మదుం మాన్యం రెండెకరాల పదిహేను సెంట్లు, ఆనువంశికంగా. మొదటి పొలం గెలిచామని సంఘం వాళ్ళు డప్పు కొట్టారు. నా మెడలో దండ వేశారు. కొండల మీద కూడా గొడవలు ముదురుతున్నాయనీ, మన రోజులొస్తున్నాయనీ ఒకడు మాట్లాడాడు. నేనూ మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు.

శ్రావణంలో వానలు బాగా పడ్డాయి. చెరువు నిండింది, వరినాట్లు, మా మాటలో ఉభాలు, మొదలయ్యాయి. మా పొలానికి నాటేవాళ్ళు ఎనిమిదిమంది కావాలి. ఐదుగురే దొరికారు. పొద్దున్నే దానమ్మ చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టి, తలకి గుడ్డ చుట్టుకుని బయల్దేరడం చూశాను. ఏడో నెల. వద్దనబోయాను. కానీ ఇన్నాళ్ళకి మా పనిలో దిగుతోంది కదా అని ఊరుకున్నాను. ముందు తను వెళ్ళింది. వెనక నేనూ నాన్నా వరినారు ఆకు కట్టలు మోసుకుని వెళ్ళాం.

మా గట్టు మీద లేదు. మదుం అవతల గణపతిరావు పల్లంలో పన్నెండుమంది వంగి నాటుతున్నారు. ఆ వరసలో చివరి మనిషి దానమ్మ.

ఆకు కట్ట అక్కడే పడేసి పరిగెత్తాను. గట్టు మీద నిలబడి పిలిచాను.

"దానమ్మా! రా ఇలాగ."

తలెత్తలేదు. వంగి నాటుతూనే ఉంది.

"ఒసే, మన బూముండగా ఈడికి కూలికొచ్చేవేటే? కడుపుతో ఉన్నదానివి. ఎవులైనా సూస్తే ఏటనుకుంటారు?"

అప్పుడు నడుం మీద చెయ్యి వేసుకుని కొంచెం లేచింది. మొహం మీద బురద చింది ఉంది. కోపం కూడా లేదు ఆ మొహంలో.

"నీ బూమిలో దిగాలంటే నాను రౌతోల ఆడపిల్లనవ్వాల. ఈడ ఏటీ అవ్వక్కర్నేదు. వొంగి నాటితే సాలు."

"దానమ్మా..."

"ఎండెక్కుతాది. నీ ఉభాలు సూసుకో, ఎల్లు."

మళ్ళీ వంగింది. నాటేవాళ్ళు ముందుకి నాటుతూ వెనక్కి నడుస్తారు. పిడికెడు ఆకు తీసి, బొటనవేలితో బురదలో గుచ్చి, ఒకడుగు వెనక్కి వేసింది. మళ్ళీ గుచ్చింది, మళ్ళీ వెనక్కి వేసింది. ఆమె మొహం నావైపే ఉంది. నేను గట్టు మీదే నిలబడి ఉన్నాను. ఆమె అడుగడుగునా వెనక్కి పోతూనే ఉంది. నాకూ ఆమెకీ మధ్య గణపతిరావు వరి పచ్చగా లేస్తోంది.